బెంగళూరు ఇండీ గేమ్ స్టూడియోల ఫౌండర్లకు ఒక కమ్యూనిటీ మేనేజర్ బహిరంగ లేఖ

ఫౌండర్లకు, ప్రొడ్యూసర్లకు,

నమస్కారం.

కోరమంగళలో, హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో, ఇందిరానగర్‌లో ఏ ఇంటి మేడ మీదో, కోవర్కింగ్ ఆఫీసులోనో ఆరుగురితోనో పదిమందితోనో గేమ్ స్టూడియో నడుపుతున్న మీ అందరికీ ఈ ఉత్తరం. మీలో తెలుగువాళ్ళు తక్కువేం లేరు. ఇందులోని మాటలు ఆఫీసులో ఇంగ్లీషులో ముక్కలు ముక్కలుగా చాలాసార్లు అన్నవే. మీటింగులో ఎవరో ఒకరు 'నోటెడ్' అంటారు, తర్వాతి విషయానికి వెళ్ళిపోతారు. అందుకే ఈసారి అన్నీ కలిపి, మన భాషలో, తీరిగ్గా రాస్తున్నాను.

నాది కమ్యూనికేషన్స్, కమ్యూనిటీ మేనేజ్‌మెంట్ పని. మీ గేమ్ గురించి ప్లేయర్లతో అందరికంటే ముందు మాట్లాడేది మేము. గేమ్‌లో ఏం మారిందో, ఏ తేదీ వెనక్కి జరిగిందో అందరికంటే ఆఖరున తెలిసేదీ మాకే. ఈ వరస మార్చమని అడుగుతున్నాను. బయట మాట్లాడాల్సిన మనిషిని లోపల నిర్ణయాలు జరిగే చోట కూర్చోబెట్టమని అడుగుతున్నాను.

మా పనిలో బయటికి కనిపించేది కొంచెమే. ట్రైలర్ పెట్టడం, పోస్టు రాయడం, ప్లేయర్లు చేరి మాట్లాడుకునే చాట్ యాప్ డిస్కార్డ్‌లో వచ్చినవాళ్ళని పలకరించడం. మీలో కొందరు పని అంటే అంతే అనుకుంటారు, అందుకే 'ఇంటర్న్‌కి ఇద్దాంలే' అంటారు. నిజానికి రోజులో ఎక్కువ భాగం వినడానికే పోతుంది. ఒక ఉదాహరణ చెప్తాను. ఒక ప్లాట్‌ఫార్మర్ (గెంతుతూ ముందుకు సాగే గేమ్) డెమో వదిలాక 'జంప్ లేటుగా పడుతోంది' అని ఫిర్యాదులు మొదలయ్యాయి. ప్రోగ్రామర్ తన సిస్టమ్ మీద చూసుకుంటే బాగానే ఉంది. అయినా పాపం కూర్చుని ఆ కోడ్ అంతా సవరించాడు. ఫిర్యాదులు తగ్గలేదు. నేను రాసినవాళ్ళని విడివిడిగా అడుగుతూ పోయాను. ఏ సిస్టమ్, ఏ కంట్రోలర్, వైర్ ఉన్నదా లేనిదా, ఎక్కడ కూర్చుని ఆడుతున్నారు? ఆ ఆఖరి ప్రశ్న దగ్గర దొరికింది. దాదాపు అందరూ హాల్లో టీవీకి కలిపి ఆడుతున్నారు. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చెయ్యకపోతే, బొమ్మకు మెరుగులు దిద్దే ప్రాసెసింగ్ వల్ల బటన్ నొక్కడానికీ తెర మీద కదలికకీ మధ్య ఆలస్యం వస్తుంది. గేమ్ మొదటిసారి తెరిచినప్పుడు కనిపించేలా ఒక చిన్న సూచన పెట్టాం. ఫిర్యాదులు ఆగిపోయాయి.

'జంప్ చెత్తగా ఉంది' అని ప్లేయర్ కోపంగా అన్న మాటని ప్రోగ్రామర్‌కి పనికొచ్చే సమాచారంగా మార్చి ఇవ్వడం మా పని. లోపల ఏం నడుస్తోందో తెలిస్తేనే అది చెయ్యగలం. జంప్ కోడ్ తిరగరాస్తున్నారని నాకు అప్పటిదాకా తెలియదు. తెలిసి ఉంటే ఆ ప్రశ్నలు మొదటి రోజే అడిగేదాన్ని, అతని శ్రమ మిగిలేది.

ఎక్స్‌పోల్లో స్టాల్ పెట్టినప్పుడూ ఇదే సంగతి. బెంగళూరు గాఫెక్స్‌లో కానీ, హైదరాబాద్‌లో గేమ్ డెవలపర్ల సదస్సు ఐజీడీసీ జరిగినప్పుడు కానీ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్టాల్ దగ్గర నిలబడేది మేము. మనిషి కంట్రోలర్ ఎలా పట్టుకున్నాడు, ట్యుటోరియల్ ఎక్కడ చదవకుండా దాటేశాడు, ఏ తలుపు ముందు ఆగి పక్కనున్న స్నేహితుడి మొహం చూశాడు, ఎక్కడ కంట్రోలర్ కింద పెట్టేసి 'థ్యాంక్స్, బాగుంది' అని వెళ్ళిపోయాడు, ఇవన్నీ కళ్ళారా చూస్తాం. 'బాగుంది' అన్నవాడు ఎక్కడ వదిలేశాడన్నదే అసలు రివ్యూ. ఆ నోట్స్ అన్నీ రాసి పంపిస్తే, మీకు పబ్లిషర్లతో మీటింగులు ఉంటాయి, అవి చదివేవాళ్ళు ఉండరు. నెల తర్వాత అదే తలుపు దగ్గర ప్లేయర్లు ఆగిపోతున్నారని డెమో డేటా చూసి కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడుకుంటారు.

ఇప్పుడు నన్ను ఈ ఉత్తరం రాయించిన రాత్రి గురించి చెప్తాను. ఆ స్టూడియో పేరు చెప్పను. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, ఇలాంటిది మీలో ఎవరి ఆఫీసులోనైనా జరగొచ్చు.

పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో చాలా గేమ్‌లు అమెరికా పసిఫిక్ టైమ్ ప్రకారం పొద్దున 10 గంటలకు విడుదలవుతాయి. మనకది రాత్రి 10:30, అక్కడ చలికాలమైతే 11:30. మడివాళలో, బీటీఎంలో చాలా లేడీస్ పీజీల గేట్లకు తాళం పడే వేళ. లాంచ్ రోజు ఆఫీసులోనే ఉండిపోవాలని ముందే అనుకుని, వార్డెన్ ఆంటీకి చెప్పి వచ్చాను. మా డెమో ఆడినవాళ్ళకు ఒక మాట ఇచ్చి ఉన్నాం: డెమోలో ఎంతవరకు ఆడారో అక్కడి నుంచే పూర్తి గేమ్ మొదలవుతుంది, మీ సేవ్ ఎక్కడికీ పోదు అని. ఆ మాట నేను నా అంతట నేను రాసింది కాదు, టీమ్ అంతా ఒప్పుకున్నాక పెట్టింది. నెలల తరబడి డిస్కార్డ్‌లో పైన పిన్ చేసి ఉంది.

10:30కి గేమ్ వచ్చింది. పది నిమిషాల్లో మొదటి మెసేజ్: నా సేవ్ కనిపించడం లేదు. తర్వాత ఇంకొకటి. తర్వాత ఒకేసారి బోలెడు. వాటిలో ఒక తండ్రి రాసింది ఇప్పటికీ మర్చిపోలేను. వాళ్ళ పాప డెమోలో ఒక మేకపిల్లకి పేరు పెట్టుకుందట, లాంచ్ కోసం నిద్రపోకుండా కూర్చుందట, 'మేకపిల్ల ఏది నాన్నా' అని అడుగుతోందట, ఏం చెప్పమంటారు అని అడిగాడు. ఏం చెప్పాలో నాకే తెలియదు. 'చూస్తున్నాం, త్వరలో చెప్తాం' అని రాస్తూ పోయాను. టీమ్ అంతా ఎక్కడో లాంచ్ పార్టీలో ఉంది. ఫోన్లు ఎత్తరు. అర్ధరాత్రి దాటాక ప్రోగ్రామర్ దొరికాడు. 'సేవ్ ఫార్మాట్ మార్చాం కదా, డెమో సేవ్‌లు ఇక పనిచెయ్యవు. బుధవారమే అనుకున్నాం. నీకు చెప్పలేదా?' అన్నాడు.

బుధవారం ఆ గదిలో నేను లేను. ఉండి ఉంటే రెండిట్లో ఒకటి జరిగేది. కనీసం ఆ రోజే పిన్ తీసేసి, కారణం చెప్పి, క్షమించమని అడిగేదాన్ని. డబ్బు పెట్టకముందే నిజం చెప్తే జనం చాలావరకు అర్థం చేసుకుంటారు. లేదంటే, డెమో సేవ్‌లని ఎంతమంది ప్రాణంగా దాచుకున్నారో ఆ టేబుల్ దగ్గర చెప్పేదాన్ని. ఎందుకంటే పాత సేవ్‌ని కొత్త ఫార్మాట్‌లోకి మార్చే కన్వర్టర్‌ని ఆ తర్వాతి ప్యాచ్‌లో (చిన్న అప్‌డేట్‌లో) పెట్టారు, దానికి పట్టింది ఒక పూట పని. ఆ పూట పని లాంచ్‌కి ముందు ఎందుకు జరగలేదంటే, అది ఎవరికి ముఖ్యమో తెలిసిన మనిషి గదిలో లేదు గనక.

లాంచ్ గంటల విలువ మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు, కానీ మా వైపు నుంచి ఎలా కనిపిస్తుందో ఒకసారి చూడండి. తర్వాత కొందామని విష్‌లిస్ట్‌లో పెట్టుకున్నవాళ్ళకి గేమ్ విడుదలైందని స్టీమ్ మెయిల్ పంపిస్తుంది. మళ్ళీ అలాంటి మెయిల్ వెళ్ళాలంటే కనీసం 20 శాతం డిస్కౌంట్ పెట్టాలి. అంటే పూర్తి ధరకు కొనగలిగినవాళ్ళంతా ఒక్కసారిగా తలుపు తట్టేది ఆ రాత్రే. కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల లోపైతే, స్టీమ్ మామూలుగా రీఫండ్ ఇచ్చేస్తుంది. గంటన్నర ఆడి ఒకచోట ఇరుక్కుపోయిన ప్లేయర్ 'దీన్ని ఎలా దాటాలి' అని అడిగినప్పుడు, మేమిచ్చే జవాబు వెంటనే అందితే అతను ఉంటాడు, లేకపోతే డబ్బు వెనక్కి తీసుకుని పోతాడు. పది రివ్యూలు వచ్చాకే పేజీ మీద పాజిటివ్, మిక్స్‌డ్ అని ముద్ర పడుతుంది. ఆ మొదటి పదిమందిలో నలుగురు సేవ్ పోయిందని రాస్తే ఏం ముద్ర పడుతుందో లెక్క మీకే తెలుసు.

ఇక్కడే ఇంకో మాట. రివ్యూలు తక్కువ పడగానే 'మనవాళ్ళందరికీ కీలు ఇచ్చి నాలుగు మంచి మాటలు రాయించు' అని మాకు చెప్తారు. కీ అంటే కొనకుండానే గేమ్ తెరుచుకునే కోడ్. దయచేసి ఆ పని మాతో చేయించకండి. కీ ద్వారా వచ్చిన కాపీల రివ్యూలని స్టీమ్ 2016 నుంచే స్కోరులో కలపడం లేదు. ఫలితం లేదు సరే, దొరికిపోతే పరువూ పోతుంది, అప్పుడు జనం ముందు నిలబడాల్సింది మేమే. అంతకంటే కీలు ఎవరికి వెళ్తున్నాయో చూసుకోవడం అవసరం. పేరున్న యూట్యూబర్ మెయిల్ ఐడీలో ఒక్క అక్షరం మార్చి 'మీ గేమ్ మీద వీడియో చేస్తాం, అయిదు కీలు పంపండి' అని రోజూ మెయిళ్ళు వస్తుంటాయి. ఆ కీలు తర్వాత వేరే సైట్లలో సగం ధరకు కనిపిస్తాయి. ఛానల్ పేజీలో ఇచ్చిన మెయిల్‌తో సరిచూసుకుని, అనుమానం ఉంటే ఆ ఛానల్‌కే రాసి కనుక్కుని పంపడానికి చాలా టైమ్ పడుతుంది. ఆ పని చేస్తున్నప్పుడు మేం ఖాళీగా కూర్చున్నట్టు కనిపిస్తాం.

మీతో ఇవన్నీ మాట్లాడినప్పుడు మీలో చాలామంది తెచ్చే ఉదాహరణ నో మ్యాన్స్ స్కై అనే గేమ్. 2016 ఆగస్టులో ఆ గేమ్ వచ్చినప్పుడు, ముందు చెప్పినవి చాలా అందులో లేవని ప్లేయర్లు మండిపడ్డారు. దాన్ని తయారుచేసిన హలో గేమ్స్ వాళ్ళు చాలా రోజులు నోరు మెదపలేదు. లోపల పనిచేసుకుంటూ పోయారు, ఏళ్ళ తరబడి ఉచితంగా అప్‌డేట్లు ఇచ్చారు, 2024 చివరికి స్టీమ్‌లో మొత్తం రివ్యూలు 'వెరీ పాజిటివ్'కి చేరాయి. 'చూశావా, మాట్లాడకుండా పని చేసుకుంటే చాలు' అంటారు మీరు. ఆ టీమ్ పట్టుదల మీద నాకూ ఎంతో గౌరవం ఉంది. కానీ వాళ్ళకి మొదటి రోజుల్లోనే విపరీతంగా అమ్మకాలు జరిగాయి, ఎనిమిదేళ్ళు ఓపిక పట్టగలిగారు. మన దగ్గర వచ్చే ఎనిమిది నెలల జీతాలకి డబ్బు ఉందా? పైగా వాళ్ళకి ముంచుకొచ్చిన గొడవ మొదలైందే లాంచ్‌కి ముందు చెప్పినదానికీ గేమ్‌లో ఉన్నదానికీ తేడా రావడం వల్ల. ఏం చెప్తున్నామో, ఏం తయారవుతోందో రెండూ ఒకే టేబుల్ మీద ఉంటే ఆ తేడా ముందే పట్టుబడుతుంది. అప్పుడు మౌనంగా ఉండాల్సిన అవసరమే రాదు.

నన్ను ఎక్కువ బాధపెట్టిన ఉదాహరణ వేరే ఉంది. 2024 మేలో హెల్‌డైవర్స్ 2 ఆడే పీసీ ప్లేయర్లందరూ ప్లేస్టేషన్ నెట్‌వర్క్ అకౌంట్ కలపాల్సిందేనని ప్రకటన వచ్చింది. ఆ నెట్‌వర్క్ అసలు లేని దేశాలు బోలెడు. స్టీమ్‌లో నెగటివ్ రివ్యూలు రెండు లక్షలు దాటాయి, కొద్దిరోజుల్లోనే పబ్లిషర్ సోనీ ఆ నిర్ణయం వెనక్కి తీసుకుంది. గేమ్ తయారుచేసింది స్వీడన్‌లోని యారోహెడ్ స్టూడియో, అకౌంట్ పట్టింపు పబ్లిషర్‌ది. కానీ తిట్లు పడినవాళ్ళలో ముందు వరసలో ఉన్నది స్టూడియో కమ్యూనిటీ మేనేజర్లు. తమ చేతిలో లేని నిర్ణయానికి, తమ పేరు మీద, వేలమందికి జవాబు చెప్పుకోవాలి. పెద్ద గేమ్ కాబట్టి అది వార్త అయింది. చిన్న స్టూడియోల్లో అదే పని ఒక్క మనిషి, ఎవరికీ తెలియకుండా, ప్రతి ప్యాచ్‌కీ చేస్తూ ఉంటుంది.

మరి ఎలా ఉంటే బాగుంటుందని అడిగితే నేను ఫ్యాక్టోరియో అనే గేమ్ చూపిస్తాను. దాన్ని చేసిన, చెక్ రిపబ్లిక్‌కి చెందిన వూబే వాళ్ళు 2013లో 'ఫ్రైడే ఫ్యాక్ట్స్' అని వారం వారం రాయడం మొదలుపెట్టారు. రాసేది ఎక్కువగా గేమ్ చేస్తున్నవాళ్ళే. గేమ్‌లో రైళ్ళు ఎందుకు ఇరుక్కుంటున్నాయి, ఏ పద్ధతి ప్రయత్నించి పక్కన పెట్టేశారు, ఫలానా మార్పు ఎందుకు అవసరమనుకుంటున్నారు, అన్నీ చెప్పేవారు. అది చదివిన ప్లేయర్‌కి తేదీ ఆలస్యమైనా కారణం తెలుసు. మన స్టూడియోల్లో ప్రోగ్రామర్ని 'వారానికి నాలుగు మాటలు రాసివ్వు' అంటే టైమ్ లేదంటాడు, నిజంగానే ఉండదు. రాయక్కర్లేదు. నాతో పావుగంట మాట్లాడనివ్వండి, నేను రాసుకుంటాను. తప్పులుంటే దిద్దితే చాలు.

తేదీల గురించి కూడా చెప్పాలి. రాబోయే గేమ్‌ల డెమోలు పెట్టే స్టీమ్ నెక్స్ట్ ఫెస్ట్‌లో ఒక గేమ్‌కి పాల్గొనే అవకాశం ఒక్కసారే. ఏడాదికి మూడుసార్లు జరుగుతుంది, ఎప్పుడు వెళ్ళాలన్నది మనం ఎంచుకోవాలి. ఈ నిర్ణయం మీరు బిల్డ్ (ఆడదగ్గ వెర్షన్) సిద్ధమైందా లేదా అని మాత్రమే చూసి తీసుకుంటారు. అప్పటికి ఎంతమంది విష్‌లిస్ట్ చేశారు, ఏ స్ట్రీమర్లు ఆడతామన్నారు, ప్రెస్ కిట్ ఉందా, డెమో ఆడి వచ్చేవాళ్ళని పలకరించడానికి ఎవరున్నారు అన్నవి నా దగ్గర ఉన్న సంగతులు. నన్ను అడగకుండానే తేదీ వేసేసి, పది రోజుల ముందు 'హైప్ చెయ్యి' అంటే నేనేం చెయ్యగలను? మొలక రాని చేలో కోతకి కూలీలని పిలిచినట్టు ఉంటుంది.

2025 ఆగస్టు గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. ఆన్‌లైన్ గేమింగ్ చట్టం పార్లమెంటులో పాసై, 22వ తేదీన రాష్ట్రపతి ఆమోదం పొందింది. డబ్బు పందెం పెట్టి ఆడే గేమ్‌లని ఆ చట్టం నిషేధించింది, ఈ-స్పోర్ట్స్‌నీ సోషల్ గేమ్స్‌నీ వేరుగా చూసింది. కానీ ఊళ్ళో టీవీలో కనిపించింది 'ఆన్‌లైన్ గేమ్స్ బంద్' అన్న ఒక్క ముక్క. మా అమ్మ ఫోన్ చేసి 'మీ ఆఫీసు మూసేస్తారంటగా, వచ్చెయ్యమ్మా' అంది. అమ్మకి సర్దిచెప్పడం తేలికే. డిస్కార్డ్‌లో మన దేశం ప్లేయర్లు, కడప నుంచి కాలేజీ పిల్లలు కూడా, 'అక్కా, కొన్న గేమ్ పోతుందా, నాన్న తిడుతున్నాడు' అని అడుగుతుంటే, స్టూడియో తరఫున రెండు వాక్యాలు చెప్పడానికి నాకు అనుమతి కావాల్సొచ్చింది. మన గేమ్‌లో పందెం లేదు, ఒకసారి కొంటే మీదే, ఈ చట్టం దీనికి అడ్డు కాదు. ఇంతే చెప్పాల్సింది. లాయర్‌ని అడగాలి, ఇన్వెస్టర్‌ని అడగాలి అంటూ రోజులు గడిపారు. లాయర్‌ని అడగడం తప్పు కాదు, అడగాల్సిందే. కానీ ఆ రోజుల్లో నన్ను 'అడుగుతున్నాం, రేపు సాయంత్రానికి చెప్తాం' అని కూడా అననివ్వలేదు.

ఇక కష్టమైన సంగతి. ప్లేయర్లలో ఎక్కువమంది మంచివాళ్ళు, ఆ మాట మనస్ఫూర్తిగా చెప్తున్నాను. బగ్ దొరికితే లాగ్ ఫైల్, వీడియో, ఏ గ్రాఫిక్స్ కార్డో అన్నీ జతచేసి పంపేవాళ్ళని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. జీతం లేకుండా మన డిస్కార్డ్‌ని కాపలా కాసే మోడరేటర్లు మరీనూ. మంచివాళ్ళు కాని కొద్దిమంది వల్లే రాత్రిళ్ళు భయం వేస్తుంది. కమ్యూనిటీ మేనేజర్ ఆడపిల్ల అని తెలిస్తే ఫొటోలు వెతుకుతారు, ఊరు కనుక్కుంటారు, రాయకూడనివి మెసేజ్ చేస్తారు. మీకు చెప్తే 'బ్లాక్ చేసెయ్, పట్టించుకోకు' అంటారు. నేను బ్లాక్ చేస్తాను. కానీ మీ బాధ్యత అక్కడితో తీరదు. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 చట్టం, 19వ సెక్షన్ చూడండి. పనిలో తారసపడే బయటి మనుషుల నుంచి కూడా ఉద్యోగినికి రక్షణ కల్పించడం యజమాని విధి అని అందులో ఉంది. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. అంతకంటే చిన్న ఆఫీసైతే జిల్లాలోని లోకల్ కమిటీకి ఫిర్యాదు చెయ్యొచ్చు. మీ స్టూడియోలో తొమ్మిదిమందే ఉన్నారు కాబట్టి మాకు దిక్కులేదని అనుకోకండి, మమ్మల్ని అనుకోనివ్వకండి.

మీరు రేపే చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. కమ్యూనిటీ అకౌంట్లు మా సొంత పేరు, ఫొటోతో కాకుండా స్టూడియో పేరుతో ఉంచండి, సొంత పేరు పెట్టుకోవాలో వద్దో మమ్మల్నే నిర్ణయించుకోనివ్వండి. బెదిరింపు వస్తే స్క్రీన్‌షాట్లు దాచే పని, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టే పని తిట్లు తిన్న మనిషి మీదే వెయ్యకండి, ఇంకొకరు చెయ్యాలి. లాంచ్ రాత్రి తెల్లవారేదాకా కూర్చున్న మనిషిని మర్నాడు పది గంటల స్టాండప్ మీటింగ్‌కి పిలవకండి. క్యాబ్ డబ్బు ఇవ్వండి. ఒక్క మనిషే ఉన్న టీమ్‌లో ఆ మనిషికి ఆదివారం సెలవు కావాలంటే, ఆదివారం ఆ పేజీలు చూసేది ఎవరో ముందే తేల్చండి. ఒక ఫౌండర్ స్వయంగా నెలకి ఒక ఆదివారం ఆ పని చేస్తే ఎంత బాగుంటుందో. వాళ్ళ గేమ్ గురించి జనం ఏమంటున్నారో మధ్యలో ఎవరూ లేకుండా వింటారు.

మీ కష్టాలు నాకు తెలియవని అనుకోకండి. పబ్లిషర్ మైల్‌స్టోన్ డబ్బు ఆలస్యమైతే మీ ఫిక్స్‌డ్ డిపాజిట్ విరగ్గొట్టి జీతాలు ఇచ్చినవాళ్ళని చూశాను. ఇంకో మనిషిని తీసుకోమనడం లేదు, ఇప్పుడే జీతం పెంచమనీ అడగడం లేదు. మీకు ఖర్చయ్యేది వారానికి ఓ అరగంట. సోమవారం బిల్డ్ గురించి మాట్లాడుకునేటప్పుడు మమ్మల్ని పిలవండి. సేవ్ ఫైళ్ళు, ధర, భాషలు, విడుదల తేదీ, తీసేస్తున్న ఫీచర్లు, ఈ అయిదింటిలో దేని మీద మాట వచ్చినా మేం అక్కడ ఉండాలి. ఓటు అడగడం లేదు. మీరు చివరికి ఏది అనుకున్నా ఒప్పుకుంటాం, ముందు మేం విన్నది చెప్పనివ్వండి. 'ఇది ఇంకా తేలలేదు' అని ప్లేయర్లకి ఎవరి అనుమతీ లేకుండా చెప్పే స్వేచ్ఛ ఇవ్వండి. మేం ఇచ్చిన మాట మార్చాల్సొస్తే, మార్చిన రోజే మాకు చెప్పండి. గేమ్ చివర పేర్లు పడేటప్పుడు 'స్పెషల్ థ్యాంక్స్' కింద కాకుండా టీమ్‌లో మా పేరు వెయ్యండి.

ఇది చదివే కమ్యూనిటీ వాళ్ళకు, కొత్తగా ఈ ఉద్యోగంలోకి వస్తున్న పిల్లలకు కూడా ఒక మాట. ఇంటర్వ్యూలో జీతం, సెలవులతో పాటు ఇదొకటి అడగండి: లాంచ్ రాత్రి పన్నెండింటికి నేను ఫోన్ చేస్తే ఎత్తేది ఎవరు? ఫౌండర్లకు నా మనవి, ఆ ప్రశ్న మీ దాకా వచ్చేలోపే ఒక పేరు, ఒక నంబర్ రాసి పెట్టుకోండి.

ఇట్లు,
ఒక కమ్యూనిటీ మేనేజర్,
బెంగళూరు